రౌని చూడని ఆఖరి రంగం

మా సావిసల్మి ఊరి నాటకశాలకు నక్షా గీసిన పెద్దమనిషి రాజధాని నుంచి మంచి ఎండాకాలంలో వచ్చాడు. సరస్సులో ఈదాడు, పొగబెట్టిన చేపలు తిన్నాడు, గీయాల్సింది గీసి వెళ్ళిపోయాడు. పైకప్పు వేసింది మాత్రం మా ఊళ్ళో పడవలు చేసే వడ్రంగులు. వాళ్ళకు వచ్చింది పడవే కనుక పెద్ద పడవను బోర్లించినట్టు కట్టి పెట్టారు. వేదిక మీద గుసగుసలాడినా చివరి వరుస దాకా వినిపించేది అందుకే. కచేరీలకు వచ్చిన వయొలిన్ వాళ్ళు ఆ కప్పు వైపు చూసి దణ్ణం పెట్టినంత పని చేసేవారు. తొలి చలికాలం ప్రదర్శనకు ఊరంతా బొచ్చుకోట్లు తొడుక్కుని వచ్చి నిలబడ్డాకగానీ అసలు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ మహానుభావుడు కోట్లు తగిలించే చోటే మరిచిపోయాడు!

చివరికి మెట్లు మెట్లుగా లేచే కుర్చీల కింద ఉన్న ఖాళీని కోట్ల గదిగా మార్చారు. లోపల వంగి నడవాలి. నెత్తి మీద జనం కాళ్ళు. రౌని హ్యూత్తినెన్ ఆ గదిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. ఆమె పొట్టి మనిషి. "నా కొలతలు తీసుకునే కట్టారర్రా దీన్ని," అని తనే నవ్వేది.

కోట్లన్నీ తగిలించాక పైకెళ్ళి, వెనక గోడకు ఆనుకుని నాటకం చూసేది. ఆఖరి రంగం వస్తోందనగానే కిందికి పరుగు. ఎందుకంటే మా ఊరివాళ్ళు నాటకంలో ఎంత ఏడ్చినా సరే, తెర పడీ పడగానే కోట్ల దగ్గర వరుసకడతారు. అలా రౌని ఒక్క నాటకానికీ ముగింపు చూడలేదు. ముగింపులన్నీ ఆమె కింద నుంచి విన్నవే. జనం నవ్వితే నెత్తి మీద మడమలు దడదడలాడేవి. ఏడిస్తే ఒక్క కాలూ కదిలేది కాదు. కోటిస్తూ "ఎలా ఉంది?" అని అడిగితే, "పర్లేదు" అని వెళ్ళిపోయేవాళ్ళు. అదే మా వాళ్ళ నోట వచ్చే గొప్ప మెప్పు.

ఒక చలికాలం ఆడిన నాటకంలో, పడవల రేవులో కాఫీ అమ్మే ఎల్వీరా అనే వితంతువు ఉంది. ఆమె కోసం ఓ ఆవిరిపడవ కెప్టెనూ, ఓ రొట్టెలవాడూ పోటీపడతారు. ఈ నాటకం చివర్లో రౌని ముందెప్పుడూ విననిది విన్నది. చప్పట్లకు ముందే హాల్లో కాళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడుతున్నాయి. ఎందుకో తెలియక ఆమెకు నిద్ర పట్టలేదు.

మార్చిలో మరమ్మతుల కోసం నాటకశాల మూసేస్తారన్నారు. కోట్ల గది కొత్త భాగంలోకి మారుతుంది. రౌని కొలువుకు అదే ఆఖరు. మేనేజరు ఇల్పో వంగి వంగి ఆమె దగ్గరికొచ్చాడు.

"రౌనీ గారూ, కానుకగా ఏం కావాలి? గడియారం ఇమ్మంటారా?"

"గడియారం నా కాళ్ళలోనే ఉంది బాబూ. నాకొక ముగింపు చూపించండి, చాలు."

"మరి కోట్లో?"

"మీరున్నారుగా."

ముగింపు ముందే ఆమె చెవిన పడకూడదని ఆ క్షణం నుంచి ఊరంతా నోరు కట్టేసుకుంది. రౌని ఏ కొట్లోకి వెళ్ళినా మాటలు ఆగిపోయేవి. కెప్టెన్ వేషం వేసే ఆర్వి ఆమెతో బళ్ళో చదువుకున్నవాడే. వాడు మాత్రం ఊరుకోలేదు.

"ఏమే రౌనీ, ఎల్వీరా ఎవర్ని చేసుకుంటుందంటావ్?"

"రొట్టెలవాణ్ణే. నీ మొహానికి పెళ్ళొకటా?"

ఆఖరి ప్రదర్శన రాత్రి రౌని నీలం గౌను వేసుకుని హాలు మధ్యలో కూర్చుంది. ఆఖరి రంగం దగ్గర పడగానే కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తెర తీసేసరికి చర్చి. ఎల్వీరా పక్కన నిలబడ్డ పాస్టరు చేతులెత్తి ఆశీర్వాదం మొదలుపెట్టాడు.

హాలంతా లేచి నిలబడింది. ఆశీర్వాదం చదువుతుంటే మా ఊళ్ళో ఎవరూ కూర్చోరు. మొదటి రోజు ఎవరో ఇది నాటకమని మరిచి లేచారు, వాళ్ళను చూసి అందరూ లేచారు, ఇక అదే అలవాటైంది. కాళ్ళ సంగతి రౌనికి ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? వేదిక మీద తలుపు కిర్రుమంది, పెళ్ళికొడుకు వచ్చాడు. ఆమె కూడా లేచింది గానీ, కనిపించింది ముందున్న కలప వ్యాపారి వీపు ఒక్కటే. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"కనపడి చావట్లేదు!" అని తనలో తనే అనుకుంది. ఆ కప్పు కింద తనలో తను అనుకోవడం కుదరదు.

పాస్టరు చేతులు దించాడు. "కూర్చోండర్రా! ఆశీర్వాదం కూర్చున్నా తగుల్తుంది. రౌని చూడాలి." పెళ్ళికొడుకు వైపు తిరిగి, "నువ్వు బయటికి పోయి మళ్ళీ రా," అన్నాడు.

ఆశీర్వాదానికి కూర్చోవడమా? జనం అటూ ఇటూ చూసుకున్నారు. ముందు కలప వ్యాపారి కూర్చున్నాడు. తర్వాత వరుస వెనక వరుస. ఇక రౌని ఒక్కతే నిలబడి ఉంది. తలుపు మళ్ళీ కిర్రుమంది. తెల్ల కాలరు పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఆర్వి వచ్చాడు.

"అయ్యో, నువ్వా!" అంది రౌని.

"నేనే. ఏం, బాలేదా?"

"బావుందిరా వెధవా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

తెర పడింది. ఒక్కరూ కోట్ల కోసం పరిగెత్తలేదు. రౌని చప్పట్లు కొట్టింది. తెర లేచింది, నటులు వంగి దణ్ణాలు పెట్టారు, తెర పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ఆమె ఆపలేదు. ఎప్పుడూ ఇంతదాకా ఉన్న మనిషి కాదు, చప్పట్లు ఎప్పుడు ఆపాలో ఆమెకు తెలియదు. ఆమె ఆపకుండా మిగతావాళ్ళు ఎలా ఆపుతారు? అరచేతులు ఎర్రబడ్డాయి. ఆఖరికి ఆర్వి తెర పక్కనుంచి తల బయటపెట్టాడు.

"చాల్లేవే రౌనీ, నాటకం అయిపోయింది."

"ఆగరా. ఇప్పటిదాకా కొట్టింది నీ నాటకానికి. ఇన్నేళ్ళ నాటకాలకు కొట్టాల్సినవి ఇంకా బోలెడున్నాయి."

హాలు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.