యుద్ధం లేని భాగం

నాంపల్లి స్టేషన్ గూడ్సు షెడ్డు వెనక సందులో మేముండేవాళ్ళం. ఒకటే వాకిలి, చుట్టూ కిరాయి అర్రలు, నడుమ ఒక నల్లా. మా ఆయన షెడ్డులో హమాలీ. నేను అబిడ్స్‌లో రెండిళ్ళలో బాసన్లు తోమేదాన్ని. ఆ వాకిట్లో చదువు వచ్చింది ఒక్క బెజవాడక్కకు, ఆమె భర్తకే. ఆంధ్రప్రదేశ్ అయ్యాక అతనికి లక్డీకాపూల్‌లో గుమాస్తా పని దొరికి, ఇద్దరూ వచ్చి రోడ్డు వైపు అర్రలో దిగారు. ఆమె మాట మాకు మొదట్లో నవ్వు తెప్పించేది. మా మాట ఆమెకు భయం పుట్టించేదట. పుస్తకం వచ్చాక రెండూ పోయాయి.

నెలకొక భాగంగా వచ్చే జానపద కథ అది. అబిడ్స్‌లో ఒక పుస్తకాల దుకాణం ఉండేది. కొత్త భాగం వచ్చిన రోజు దాని మెట్ల మీద హోటల్ సర్వర్లు, కాలేజీ పిల్లలు, రిక్షావాళ్ళు, గుమాస్తాలు మూగేవాళ్ళు. అక్క భర్త కొని తెచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం అక్క తన గుమ్మంలో పీట వేసుకుని చదివేది, మేమంతా వాకిట్లో కూర్చుని వినేవాళ్ళం. ఒక భాగం రెండు మూడు ఆదివారాలు సాగేది.

కథలో ఒక యువరాజు. అతని తండ్రి తలను శత్రువులు పొగకోట ద్వారానికి వేలాడదీశారు. ఆ తల దించడానికి అతను ఒక్కో కోటా దాటుకుంటూ వెళ్తాడు. ఇనుప రెక్కల గద్దలు, నిప్పు మింగే సైనికులు, ఎముకలతో కట్టిన వంతెనలు. ప్రతి భాగంలోనూ రక్తం ఏరులై పారేది. పదో భాగంలో యువరాజు పొగకోట సేనాపతిని నెత్తి నుంచి రొమ్ము దాకా రెండుగా చీల్చాడు. ఆ రోజు వాకిట్లో మగవాళ్ళు లేచి నిలబడ్డారు. మా ఆయన బస్తాలు లాగే ఇనుప కొక్కెం తీసి, గాలిలో తిప్పి, ఆ దెబ్బ ఎలా పడి ఉంటుందో చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టాంగా నడిపే బావ, మా ఆయనకు వరసకు బావే, "నువ్వు గా కోటల పుట్టాల్సినోడివిరా, గీ షెడ్డుల పుట్టినవ్" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

నాకు ఆ కథ మీద ప్రేమ వేరే కారణంగా ఉండేది. మా ఆయన నన్ను కొట్టేవాడు. ఆ వాకిట్లో భార్యను కొట్టని మగవాడు అక్క భర్త ఒక్కడే, అందుకని అది ఎవరికీ వార్త కాదు. షెడ్డులో మేస్త్రీ తిట్టినా, బస్తా జారి కాలిమీద పడ్డా, కూరలో కారం తక్కువైనా దెబ్బ నాకే పడేది. చేత్తో మొదలై కొక్కెం కర్రపిడి దాకా పోయేది. కానీ పుస్తకంలో యుద్ధం విన్న తర్వాత కొన్నాళ్ళు అతను కొట్టేవాడు కాదు. కడుపు నిండినవాడిలా ఉండేవాడు. అన్నం తింటూ ఆ యుద్ధమే నాకు మళ్ళీ చెప్పేవాడు. ఎవడి తల ఎటు ఎగిరిందో చెప్పేటప్పుడు అతని గొంతులో ఎంత లాలన ఉండేదో. నేను ఊకొట్టేదాన్ని. పుస్తకంలో ఎంత రక్తం పారితే మా అర్రలో అంత తక్కువ పారుతుందని నాకు అర్థమైపోయింది. అందుకే చావులు వింటూ వాకిట్లో ఆడవాళ్ళు చెవులు మూసుకుంటే, నేను మాత్రం ఇంకా కొందరు చావాలని కోరుకునేదాన్ని.

పదకొండో భాగం వానాకాలంలో వచ్చింది. సేనాపతి చచ్చాడు కాబట్టి ఇక పొగకోట ద్వారం దగ్గర మహాయుద్ధమే అని నెల పొడుగునా మగవాళ్ళు మాట్లాడుకున్నారు. అక్క చదవడం మొదలుపెట్టింది. యువరాజు కత్తి విరిగింది. గాయాలతో అడవిలో పడి నడిచి ఒక గుడిసె చేరాడు. గుడిసెలో ఒంటరి ముసలమ్మ. గోడకు వేలాడుతున్న డాలు చూడగానే, తాను చంపిన సేనాపతికి ఆమె తల్లి అని యువరాజుకు తెలిసింది. చెప్పలేక ఊరుకున్నాడు. వాన మొదలైంది. అతను గుడిసె కప్పు సరిచేశాడు. కట్టెలు కొట్టాడు. ముసలమ్మ జొన్నలు దంచింది. వాన ఆగలేదు.

అక్క చదువుతూనే ఉంది, వాన కురుస్తూనే ఉంది. ముందు టాంగా బావ కదిలాడు.

"ఏందక్కా ఇది. పొగకోట ఎప్పుడొస్తది?"

"రాసింది ఇదేనండీ. విననివ్వండి."

మూల అర్రలో ఉండే అవ్వ, పట్టాలు దాటుతుంటే కొడుకు రైలు కింద పడి చచ్చిపోయిన అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. "నువ్వు సదువు బిడ్డా. ఆల్లకేం ఎరుక" అంది. దాని మీద మగవాళ్ళు గొణిగారు. రాసేవాడికి చేతులు పడిపోయాయని ఒకడు, పైసలు గుంజడానికి కథ సాగదీస్తున్నాడని ఇంకొకడు. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాత్రం ఇన్నాళ్ళకు కథ బాగుందన్నారు. మా ఆయన కొక్కెం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా రాని దెబ్బ కోసం చివరి దాకా కూర్చున్నాడు. సగం పుస్తకం అయ్యాక అక్క మూసింది.

ఆ సాయంత్రం గంజి వేడిగా ఉందని మొదలుపెట్టాడు. నన్ను గోడకేసి కొట్టాడు. పడ్డాక కూడా ఆపలేదు. కొక్కెం పిడితో వీపు మీద, పిర్రల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద, బస్తా దులిపినట్టు కొట్టాడు. మధ్యలో ఒకసారి ఆయాసం తీర్చుకుని మళ్ళీ కొట్టాడు. వాకిట్లో అందరి తలుపులూ మూసే ఉన్నాయి.

పొద్దున నల్లా దగ్గర జనం తగ్గాక అక్క దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఆదివారం యుద్ధం ఉందా అని అడిగాను. ఆమె పుస్తకం మొత్తం ముందే చదివేసింది. లేదంది. చివరి దాకా ఆ గుడిసె, ఆ వాన, ఆ ఇద్దరే అంది. ఇన్ని భాగాల్లోనూ ఇదే మంచి భాగమని ఎంతో సంతోషంగా చెప్పడం మొదలుపెట్టింది. నేను ఆమెను ఆపాను.

"అక్కా, జర ఒక యుద్ధం కలిపి సదువు."

"అలా కలపకూడదమ్మా. ఆయన రాసింది మార్చడానికి నేనెవర్ని?"

నేను రవిక వెనక ముడి విప్పి తిరిగి నిలబడ్డాను. ఆమె నా వీపు చూసింది. తర్వాత ఆమే ముడి వేసింది.

"ఎంతమంది చావాలి?" అంది.

"ఎంత మందైతే అంత మంచిదక్కా."

ఆదివారం అక్క పీట మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ముసలమ్మ గుడిసెను పొగకోట సైన్యం చుట్టుముట్టిందని చదివింది. నిప్పు మింగేవాళ్ళు వచ్చారు, గద్దలు వచ్చాయి. యువరాజు విరిగిన కత్తితోనే బయటికి దూకాడు. అంత మెత్తని మనిషి నోట అంత ఘోరం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. గద్దల కళ్ళు పెరికించింది. సైనికుల చేతులు నరికించింది, మోచేతి దాకా, వరసగా, ఒకరి తర్వాత ఒకరివి. నరికిన చేతులు వాన నీళ్ళలో కొట్టుకుపోతూ ఇంకా పిడికిళ్ళు బిగిస్తూనే ఉన్నాయని చదివింది. వాకిలి హోరెత్తింది. అంతసేపట్లో ఆమె ఒక్క పేజీ కూడా తిప్పలేదు. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆమె ముఖం చెమటతో తడిసింది.

అవ్వ మాత్రం, "మరి ముసలామె ఏమైంది?" అని అడిగింది. గుడిసెలోనే ఉందని అక్క చెప్పింది. "గట్లెట్ల ఉంటది? బయట గంత మంది సస్తుంటె?" అని అవ్వ విసుక్కుంటూ లేచిపోయింది.

మా ఆయన ఆ రోజు జిలేబీ తెచ్చాడు. ఆ చేతులు పిడికిళ్ళు బిగించడం గురించి ఎన్నిసార్లు చెప్పాడో. వీపు మీద మచ్చలు పచ్చగా మారి మెల్లగా తగ్గాయి. వెల్లకిలా పడుకోగలిగాను.

పన్నెండో భాగం రావాల్సిన రోజుల్లో అతను అబిడ్స్‌లో సామాను దింపడానికి పోయి, వచ్చేటప్పుడు ఆ దుకాణం మెట్ల దగ్గర ఆగాడు. అక్కడ జరిగింది టాంగా బావ నాకు తర్వాత చెప్పాడు. బండి ఆ పక్కనే నిలిపి ఉంచాడట. మెట్ల మీద జనం పదకొండో భాగం గురించే కొట్లాడుతున్నారట. ఒకడు తన పుస్తకం చింపి మోరీ నీళ్ళలో పారేశానని చెప్తున్నాడు. ఒక కాలేజీ పిల్ల, ఆ భాగం చదివి ఏడ్చానని, అది నచ్చనివాళ్ళకు గుండె లేదని అంటోంది. నెలంతా వానలో జొన్నలు దంచడానికా మేము కొన్నది అని ఒక హోటల్ సర్వర్. అప్పుడు మా ఆయన కలగజేసుకుని, దంచుడేంది, యుద్ధం సంగతి మాట్లాడరేమని అన్నాడు. గద్దల కళ్ళు, నరికిన చేతులు, పిడికిళ్ళు, అన్నీ కొక్కెం తిప్పుతూ చెప్పాడు. ముందు అందరూ విన్నారు. తర్వాత నవ్వారు. ఆ సర్వర్ పుస్తకం తెరిచి అతని ముఖం ముందు పెట్టి, యుద్ధం ఎక్కడుందో చూపించమన్నాడు. మా ఆయన ఆ పేజీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నీకు ఎవలో పోరగాడనుకొని జోల పాడిన్రు" అన్నాడు సర్వర్.

మా ఆయన అతన్ని మూతి మీద గుద్దాడు. పళ్ళు ఊడాయి. మిగతావాళ్ళు మా ఆయనను కింద పడేసి చెప్పులతో, కాళ్ళతో తొక్కారు. బావ గుంజి బండిలో వేసుకున్నాడు.

వాకిట్లోకి వచ్చేసరికి చొక్కా లేదు, కనుబొమ్మ చీలి రక్తం గడ్డం దాకా కారింది. నేను నల్లా దగ్గర ఉన్నాను, అక్క భర్త ఇంకా పని నుంచి రాలేదు. నా వైపు చూడకుండా అక్క తలుపు మీద తన్నాడు. గొళ్ళెం ఊడింది. అక్క జుట్టు పట్టి గుమ్మంలోకి ఈడ్చాడు. నలుగురిలో తన పరువు తీసిందని, ఆంధ్రోళ్ళకు మేము ఆటబొమ్మలమా అని, ఆ పుస్తకం చదివిన నోరు చీలుస్తానని కొక్కెం ఎత్తాడు. అక్క అరవలేదు. నేను చెప్పమన్నానని కూడా అనలేదు. అదే నన్ను కదిలించింది.

నేను పోయి మధ్యలో నిలబడ్డాను.

"ఆమెనేమనకు. నేనే సెప్పమన్న."

"ఎందుకు?"

"యుద్ధమింటె నువ్వు నన్ను కొట్టవని."

వాకిలంతా వింది. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. అందరికీ తెలిసిన సంగతే, కానీ పైకి ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఒక్క క్షణం అతను అందరి ముఖాలూ చూశాడు. తర్వాత కొక్కెం దిగింది. అడ్డం పెట్టిన నా కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. ఎండు చెరుకు విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ భుజం కండలో దిగి, లాగినప్పుడు మాంసంతో సహా వచ్చింది. మూడోది పడకుండా బావ వెనక నుంచి అతని మెడ పట్టాడు. అవ్వ ఊడిన తలుపు గొళ్ళెంతో అతని వీపు మీద కొడుతూనే ఉంది.

దవాఖానలో చెయ్యికి కట్టు వేశారు, భుజానికి కుట్లు వేశారు. అక్క రోజూ వచ్చేది. ఒకరోజు పదకొండో భాగం తెచ్చి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతానంది. చుట్టుపక్కల మంచాల ఆడవాళ్ళు కూడా విన్నారు. వానలో యువరాజు ముసలమ్మ కాళ్ళకు నూనె రాశాడు. ఆమె కొడుకుదైన గొంగడి తను కప్పుకున్నాడు. చివర్లో వాన వెలిసిన పొద్దున, నువ్వెవరో నాకు మొదటి రోజే తెలుసని ముసలమ్మ చెప్పింది. అతను తల వంచి కూర్చున్నాడు. ఆమె రోకలి ఎత్తింది. ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, రోట్లో దించి, మిగిలిన జొన్నలు దంచింది.

పక్క మంచం ఆమె, నెత్తి పగలగొట్టాల్సింది, ముసల్ది పిరికిది అంది. ఎదుటి మంచం ఆమె, ఆ దంచుడు వింటూ బతకడమే వాడికి పెద్ద శిక్ష అంది. ఇద్దరూ వాదించుకున్నారు, దవాఖాన ఆయమ్మ వచ్చి గదమాయించే దాకా. అక్క నా వైపు చూసింది, నేనేమంటానో అని. నాకు ఆ ముసలమ్మ మంచిదా పిరికిదా అన్నది తోచలేదు. ఆ భాగం మొదటి నుంచి చివరి దాకా ఎవరి మీదా ఒక్క దెబ్బ పడలేదు. దెబ్బ పడకుండా అంతసేపు మనుషులు ఒక కప్పు కింద ఉండగలరని నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

నన్ను పంపించేస్తారన్న రోజున మా ఆయన వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కనుబొమ్మ మీద గాయం మానింది. నా కట్టు వైపు చూడలేకపోయాడు. ఇంటికి పోదాం పా అన్నాడు. నేను మాట్లాడకపోయేసరికి, నాకు సంతోషం కలిగించే మాట కోసం వెతుక్కుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"పన్నెండో భాగమొచ్చింది. నేను అడిగి తెలుసుకున్న. నిజంగనే యుద్ధమున్నదట, పెద్దది. ఇగ నీకేం ఫికర్ లేదు."

అతనికీ తెలుసన్నమాట. నాలాగే అతనూ నెలనెలా లెక్క చూసుకున్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, నాకు ధైర్యం చెప్తున్నాడు. అతని మీద నాకు ఆ క్షణంలో కలిగినంత జాలి ఎన్నడూ కలగలేదు, అంత భయమూ కలగలేదు.

"పదమూడుల లేకుంటె?" అన్నాను.

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. దవాఖాన కిటికీ వైపు, నేల వైపు, తన చేతుల వైపు చూసుకున్నాడు. నేను ఎడమ చేత్తో నా చీర మూట తీసుకుని, నన్ను తీసుకుపోవడానికి వచ్చిన అవ్వతో కలిసి మెట్లు దిగాను. అతను పిలవలేదు. ఆ రాత్రి నుంచి అవ్వ అర్రలోనే పడుకున్నాను, లోపల గడియ వేసుకుని.