భోజన్న పులుసు

గల్ఫ్‌లో మా కూలీల క్యాంపులో ముందు ఎవరు తినాలో కుస్తీ తేల్చేది. రెండువేల పదమూడులో నేను బనియాస్‌లో వంటవాడిగా చేరేనాటికే భోజన్న అక్కడ ఉస్తాద్. నిర్మల్ వైపు మనిషి. వారమంతా తాపీ పని, శుక్రవారం పొద్దున క్యాంపు వెనక గోతిలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పడం. ఎడారి ఇసుక కాలికి నిలవదని, సెలవుకెళ్లిన ప్రతివాడూ తన ఊళ్లో కుస్తీ పట్టే తాలీంఖానా నుంచి సంచెడు మట్టి తెచ్చి అందులో కలపాలి. కుస్తీ అయ్యాక ఉస్తాద్ ముందు తింటాడు, తర్వాత గెలిచినవాళ్లు, చివర ఓడినవాళ్లు. వాళ్లదాకా వచ్చేసరికి మిగిలేది పులుసే. ఇదేం న్యాయమయ్యా అని గరిటె పట్టుకుని ఎన్నిసార్లు తగువాడానో. వింటేగా.

మూడేళ్లకు భోజన్న కుడి భుజం పోయింది. డాక్టరు కుస్తీ వద్దన్నాడు, కంపెనీ ఇంటికి పొమ్మంది. కానీ ఉస్తాద్‌ను శిష్యుడు పడగొట్టి గోతిని తీసుకోవాలి. లేకపోతే మట్టి ఎత్తి పారబోసి గొయ్యి పూడ్చెయ్యాలి. అది వాళ్ల ఆచారం. పడగొట్టే సత్తా ఉన్నది కమ్మీలు కట్టే దయాకర్‌కు ఒక్కడికే. వాడేమో భోజన్న చెయ్యి వేస్తే చాలు, వెల్లకిలా పడిపోయేవాడు. ప్రతి శుక్రవారం అదే నాటకం. చూసి నాకు ఒళ్లు మండేది.

భోజన్న ప్రయాణానికి ముందు శుక్రవారం కూడా అలాగే పడ్డాడు. భోజన్న వాడి పక్కనే కూలబడ్డాడు.

"ఎందుకురా గిట్ల చేస్తున్నవ్?"

"నీ భుజం ఇరుగుతది కాకా."

"భుజమైతే పోయింది. ఈ గొయ్యి సుత పోవాల్నా? నేను పోయినంక ఈ పోరగాళ్లకు ఎవలున్నరు? శుక్రారమొస్తే రూముల పండి ఏడుసుడేనా? లే. యల్లా."

దయాకర్ కళ్లు తుడుచుకుని లేచాడు. ఈసారి నిజంగానే నడుము పట్టాడు. భోజన్న తేలిగ్గా ఏమీ పడలేదు, ఎడమ చేత్తోనే వాణ్ని ముప్పుతిప్పలు పెట్టాడు. ఆఖరికి ఆయన వీపు మట్టికి ఆనింది. పడుకునే గుప్పెడు మట్టి తీసి దయాకర్ నెత్తిన వేశాడు.

"ఖలాస్," అన్నాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అలవాటుగా నేను మొదటి పళ్లెం భోజన్నకే తీసుకెళ్లాను. దాన్ని దయాకర్ ముందుకు తోసి, ఆయన వెళ్లి వరస చివర కూర్చున్నాడు. వాడికి ముద్ద దిగడం లేదు.

"తిను. నువ్వు తినకుంటే ఎనకోళ్లు ఎట్ల తింటరు?" అని అక్కణ్నుంచే గదమాయించాడు.

నాకు మనసొప్పలేదు. కాసిన్ని మాంసం ముక్కలు వేరే గిన్నెలో దాచి ఉంచాను. తీసుకెళ్లి వెయ్యబోతే భోజన్న పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఓడినోనికి ముక్కలుండయి మీరా భాయ్. పులుసు పొయ్యి."

ఇన్నేళ్లూ ఆ పద్ధతి మీద పోట్లాడినవాణ్ని, ఆ రోజు ఆయన చెప్పినట్టే పులుసు పోశాను.