లేని ఉత్తరం

మొన్న పాల్వంచలో మా కాలనీకి ఇంటింటి సర్వే కోసం వచ్చిన అమ్మాయి, ఫోన్ చూసుకుంటూ వివరాలన్నీ అడిగి, వృత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్ను అడగకుండానే ‘ఏమీ లేదు’ అని నొక్కబోయింది. నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు నావి. ఒళ్లు మండింది, ఆ మంటలోనే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లకు మూకీ సినిమాలంటే విన్న సంగతే గానీ చూసినవి కావు. నాయనమ్మ వాటిలో వేషాలు కట్టింది. బళ్లారి వైపు పుట్టి, కన్నడ నాటకాల కంపెనీలో పెరిగి, మద్రాసు చేరి నాయిక అయింది. ఇంతలో సినిమాకు మాటలొచ్చాయి. అక్కడ కావలసింది తెలుగో అరవమో, ఆమె నోట రెండూ కన్నడంలాగే పలికేవి. బొమ్మకు నోరొచ్చి నా నోరు మూసింది అని తనే నవ్వేది. తన పాత నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించే తాతయ్యను పెళ్లాడి ఆయన ఊరు చండ్రుగొండ వచ్చేసింది. మేనత్తకు సంబంధాలు రావని ఇంట్లో ఆ వేషాల ఊసే ఎత్తనిచ్చేవారు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జనాభా లెక్కలకు బడిపంతులు వచ్చాడు. నాయనమ్మ వంతు రాగానే నాయన తొందరపడి “ఇంటిపని అని రాయి సారూ” అన్నాడు, ఆయన రాసేశాడు. మిరపకాయల తొడిమలు తీస్తున్న నాయనమ్మ లేచి వచ్చింది.

“అది కొట్టెయ్యి. నటి అని రాయి.”

“ఇప్పుడు ఆడుతలేరు గదమ్మా” అన్నాడు పంతులు, మర్యాదగానే.

ఆమె చేతులు తుడుచుకుని, లేని ఉత్తరం ఒకటి విప్పి, చదువు రానిదానిలా అటూ ఇటూ తిప్పి, చదివి పెట్టమన్నట్టు ఆయనకు చాచింది. పాపం, ఆయన కూడా ఖాళీ చెయ్యి చాచి అందుకున్నాడు. ఆయన ముఖంలోకి చూస్తూ చూస్తూ ఆమె ముఖంలో ఆశ చచ్చిపోవడం నేను ఈ కళ్లతో చూశాను. ఒక్క మాట లేదు. మజ్జిగకు వచ్చిన పక్కింటామె చెంబు కింద పెట్టి కళ్లొత్తుకుంది. నాయన కళ్లూ తడిశాయి. మిరప ఘాటని ఆయన బతికినన్నాళ్లూ బుకాయించాడు.

పంతులు ఇంటిపనిని కొట్టేసి పైన నటి అని రాశాడు. కన్నడం చదివిన ఆమెకు మన అక్షరాలు పరాయివి కావు కదా, వంగి చదువుకుని, సరేనన్నట్టు తలూపి, మళ్లీ మిరపకాయల దగ్గర కూర్చుంది. ఆమె మనవరాలినని నాకు ఈనాటికీ గర్వమే.

అందుకే మొన్న నేనూ ఊరుకోలేదు, టైలర్ అని పెట్టమన్నాను. ఆ పిల్ల ఫోన్‌లో వెతికి వెతికి “ఈ వయసోళ్లకు ఇందుల అది వస్తలేదు అమ్మమ్మా, ఇతరములల్ల పెడుతున్న” అంది. దాని తప్పేముంది? ఆ రోజుల్లో కొట్టేసి పైన రాసుకోవడానికి కాగితం మీద కాస్త చోటుండేది.

ఆ పిల్ల చున్నీ అంచు కుట్లు ఊడి వేలాడుతుంటే, కూర్చోబెట్టి మిషన్ మీద కుట్టి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల గేటు దగ్గర ఆగి కుట్టు మీద వేలు పెట్టి చూసుకుంది. ఫోన్‌లో మాత్రం నేను ఇతరములే.