మామ ఎర్ర గిటారు, రెండుకాళ్ళ ప్లగ్గు

పేరున్న గిటార్లంటే నాకు మోజు లేదు. నా స్నేహితులందరూ తల మీద కంపెనీ పేరు మెరిసే గిటార్ల కోసం ఎగబడుతుంటే, నేను ఫోన్లో పాత సామాన్లు అమ్మే గ్రూపుల్లో పడి వెతుకుతుంటాను. ఎవరికీ పట్టని పాత ఎలక్ట్రిక్ గిటార్లు నాకు కావాలి. ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో, కాలేజీ ఫంక్షన్లలో మోగి ఆ తర్వాత అటకెక్కినవి. ప్లైవుడ్ ఒళ్ళు, అవసరానికి మించిన స్విచ్చులు, తుప్పు పట్టిన మరలు. అమ్మేవాడికి అది ఇంట్లో అడ్డం. అందుకే అగ్గువకు ఇచ్చేస్తాడు. ఎంతమందో వాయించి అరగదీసిన మెడ ఒకసారి అరచేతిలో ఇమిడిందంటే, కొత్త గిటారు ఎంత ఖరీదైనదైనా ఇంకా ఎవరూ కాపురం ఉండని ఇల్లులా అనిపిస్తుంది.

అందుకే, "మీ మామ గిటారు ఇంకా చర్చిలోనే ఉందంట, ఎర్రది" అని అమ్మ ఒకరోజు అన్నం తింటూ అనగానే నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను కూడా. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. అమ్మది నందికొట్కూరు దగ్గర పల్లె. అమ్మ తమ్ముడు ఆ ఊరి చర్చిలో పాటలకు వాయిస్తాడని తెలుసు గానీ, హార్మోనియం అనుకున్నాను.

కోత పండుగకు వారం ముందు వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళు తమ పంటలో తొలి భాగం తెచ్చి చర్చిలో పెట్టే ఆదివారం అది. మామ నన్ను బస్సు దిగిన చోటు నుంచి నేరుగా చర్చికే తీసుకుపోయాడు. గుమ్మంలో చెప్పులు విడిచాం. లోపలంతా కడప బండలు, కాళ్ళకు చల్లగా తగిలాయి. ఒక మూల పాత దుప్పటి కప్పిన మూట ఉంది. మామ దుప్పటి తీశాడు.

ఎండుమిరపకాయ రంగు. అంచున పెచ్చు లేచిన చోట ప్లైవుడ్ పొరలు కనిపిస్తున్నాయి. తల మీద కంపెనీ పేరు ఎప్పుడో ఊడిపోయి, రెండు మేకుల చిల్లులు మిగిలాయి. పాత రేడియోకు ఉన్నట్టు తెల్లటి స్విచ్చుల వరుస. మామ పెళ్ళి కాకముందు కడపలో ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా చెదిరిపోతుంటే, వాళ్ళ దగ్గర దీన్నీ దీనితోపాటు ఒక పాత స్పీకరు బాక్సునూ కొని బస్సు టాపు మీద తెచ్చుకున్నాడట. బాక్సు ఆన్ చేసి తీగ మీటాను. తళతళలాడే గొంతు కాదు. కొంచెం బొంగురు, కొంచెం ముక్కుతో పాడినట్టు. ఒళ్ళు పులకరించింది. ఇలాంటి గొంతు కొత్త గిటార్లలో రావడానికి జనం ఎన్ని యంత్రాలు తగిలిస్తారో!

"నచ్చినాదా అమ్మీ?" అన్నాడు మామ.

"ఇచ్చెయ్ మామా."

"తీస్కపో. నా ఏళ్ళు మొద్దుబారినాయి. ఈ పండగ పొద్దు ఒక్కసారి వాయిస్తా, ఆమీన నీదే."

ఫోన్‌ని కిటికీలో నిలబెట్టి వీడియో పెట్టాను. పాడుతూ వాయిద్దామని అక్కడ స్టాండుకున్న మైకు దగ్గరకు వంగాను. పెదవి మైకుకు తగిలింది.

ఎవరో నోటి మీద గుద్దినట్టయింది. పళ్ళ మధ్య ఇనుము రుచి. కళ్ళముందు తెల్లటి మెరుపు. ఎడమ చెయ్యి తీగల మీద బిగుసుకుపోయింది. నేను తీశానో అదే ఊడివచ్చిందో తెలియదు, వెనక్కి పడ్డాను.

మామ పరుగెత్తుకొచ్చి లేపాడు. లేపుతూనే నవ్వాడు. "కొట్టిందా? కొత్తోళ్ళని కొడతాదిలే. నాకు అలవాటైపాయ."

"అలవాటా? నీకూ కొడుతుందా?"

"ఎప్పుడన్నా. పాడేటప్పుడు మూతి తగిల్తే."

ఇంటికొచ్చి అత్తతో చెప్పాను. ఆమె జొన్నరొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు. "కరెంటు కొడితే నవ్వుతాడు. నేను ఒక మాటంటే మటుకు ఊరంతా చెప్పుకుంటాడు మీ మామ."

నాకు నవ్వు రాలేదు. మంచం మీద కూర్చుని ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. నా తల వెనక్కి విసిరినట్టు పోయే ఆ క్షణాన్ని ఆపి, వేలితో పెద్దది చేసి చూశాను. అది నా ముఖం కాదు. అందులో నేను లేను. తర్వాత ఫోన్లో వెతికాను.  పాత బాక్సులకు ప్లగ్గులో రెండే కాళ్ళుంటాయి. ఎర్త్ వైరు ఉండదు. లోపల ఎక్కడో పాతబడితే కరెంటు బాక్సు రేకులోకి, అక్కడి నుంచి గిటారు తీగల్లోకి పాకుతుంది. తీగలు పట్టుకున్నవాడు ఇంకో ఇనుపవస్తువును తాకినా, తడినేల మీద వట్టికాళ్ళతో నిలబడినా, అది వాడి గుండె మీదుగానే దారి వెతుక్కుంటుంది. స్టేజీ మీద అట్లా చనిపోయినవాళ్ళున్నారు.

మరునాడు అత్త ఇంకో మాట చెప్పింది. ఆమె మామూలుగానే చెప్పింది. "పాట పైకి పోయేటప్పుడు మీ మామ ఒళ్ళు ఒక్కసారి జలదరిస్తాది సూడు. దేవుని ఆత్మ ముడతాది. అప్పుడు గుడి గుడంతా స్తోత్రం అంటాది."

ఇన్నేళ్ళుగా అది షాకు. ఇన్నేళ్ళుగా వీళ్ళు దానికి స్తోత్రం చెబుతున్నారు.

అక్కడి నుంచి నాకు ఆ ఆదివారం తప్ప ఇంకేమీ కనబడలేదు. పండుగ పొద్దున ఆడవాళ్ళు బండలన్నీ కడుగుతారు. బలిపీఠం ముందు జొన్నకంకులు వాడకుండా నీళ్ళ బిందెల్లో నిలబెడతారు. మామ ఆ తడిలో వట్టికాళ్ళతో నిలబడి, చేతిలో తీగలు, పెదవుల దగ్గర మైకు పెట్టుకుని పాడతాడు. నాకు తగిలింది చిన్న దెబ్బ, పొడి నేల మీద.

"మామా, ఆ రోజు రబ్బరు చెప్పులు వేసుకో."

"బలిపీఠం కాడ చెప్పులా? నీకేమన్నా మెంటలా?"

"చచ్చిపోతావు మామా! ఇదిగో చూడు," అని ఫోన్ ముఖం మీద పెట్టాను.

"ఆ ఫోన్లో పొద్దస్తమానం సచ్చినోళ్ళనే సూస్తాంటావా? బతికినోళ్ళు రారా దాంట్లో?"

చర్చి సంఘపెద్ద దగ్గరకు పోయాను. పత్తి చేనున్న పెద్దాయన. పాటల పుస్తకం చూడకుండా అన్నీ పాడతాడట. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "ప్రభువు కాపాడతాడు లేమ్మా. ఇన్నేండ్లు కాపాడలేదా?" అన్నాడు.

"మీ ఇంట్లో మోటారుకు మూడుకాళ్ళ ప్లగ్గు ఎందుకు పెట్టించారు మరి? అక్కడ ప్రభువు లేడా?" అని అరిచేశాను. మామ నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. 

నందికొట్కూరులో కరెంటు పని చేసే అతనికి ఫోన్ చేశాను. "పండగయినంక వస్తాలేమ్మా, ఇప్పుడు శానా బిజీ ఉండాది," అన్నాడు. నేనే ఆ ఊరు పోయి, షాపులో ఒక టెస్టరు కొనుక్కొచ్చాను. కరెంటున్న చోట ఆనిస్తే లోపల చిన్న దీపం ఎర్రగా వెలుగుతుంది. దాన్ని గిటారు తీగకు ఆనించాను. వెలిగింది. ప్లగ్గు పీకి, తిప్పి పెట్టి మళ్ళీ ఆనించాను. ఆరిపోయింది. ఒకవైపు పెడితే తీగల్లోకి పాకుతుంది, ఇంకోవైపు పెడితే ఊరుకుంటుంది. అలా ఊరుకున్నప్పుడు ప్లగ్గులో పైకి వచ్చే వైపు నా గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. ఆ రోజు కాస్త అన్నం తిన్నాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఉల్లిగడ్డల బస్తాలు, గుమ్మడికాయలు, నువ్వుల మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఒక బిందె కారుతూ సన్నటి ధార మామ నిలబడే చోటికి వచ్చింది. నేను స్విచ్చు బోర్డు వైపు చూశాను. బాక్సు ప్లగ్గు అక్కడ లేదు.

పండుగకని అద్దెకు తెచ్చిన మైకుసెట్టు అతను వైర్లన్నీ పీకి, తన ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చాడు. అది బలిపీఠం మెట్ల పక్కన బోర్లా పడి ఉంది. చుక్క ఎటువైపుందో కనబడదు. అప్పటికే మామ గిటారు మెళ్ళో వేసుకున్నాడు. ఇంకా తీగలు ముట్టుకోలేదు.

నేను సైగ చేశాను. మామ చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. అప్పుడే పాస్టరు అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

ఆ ఊరి ప్రార్థన పొడుగ్గా ఉంటుంది. వానల కోసం, రోగుల కోసం, దూరాన పనులకు పోయినవాళ్ళ కోసం, ఒక్కొక్కరి పేరునా. మామూలుగా ఐతే నాకు ఫోన్ మీదికి పోయేది చూపు. ఆ రోజు ఆ ప్రార్థన ఇంకా పొడుగ్గా ఉండాలని నేనూ ప్రార్థించాను. ఆడవాళ్ళ వరసల్లోంచి మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. టెస్టరు చేతిలోంచి జారి బండ మీద పడి టక్కుమంది. ఎవరూ కళ్ళు తెరవలేదు. మామ ఒక్కడే కళ్ళు తెరిచి ఉన్నాడు.

టెస్టరు తీగకు ఆనించాను. ఎర్రగా వెలిగింది. మామ దాన్ని చూశాడు. అతని వేళ్ళు తీగలకు జానెడు దూరంలో ఆగిపోయి ఉన్నాయి. ఎప్పుడూ నవ్వే ఆ కళ్ళలో మొదటిసారి భయం చూశాను. చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

నేను ఎక్స్‌టెన్షన్ బాక్సు తిప్పి ప్లగ్గు పట్టి లాగాను. స్పీకరులో ఢబ్బుమని ఒక శబ్దం. చర్చి అంతా కళ్ళు తెరిచింది. కోళ్ళు కూడా అరిచాయి. అయ్యగారు "ప్రభువా" అన్న మాట దగ్గర ఆగిపోయారు.

"ఏందమ్మా అది?" అన్నాడు సంఘపెద్ద.

 నేను ప్లగ్గు తిప్పి గుచ్చి, టెస్టరు తీగకు ఆనించి చూశాను. ఆరిపోయింది. మైకుకు కూడా ఆనించాను. ఆరిపోయే ఉంది. "ఇప్పుడు వాయించు మామా," అన్నాను. 

మామ పాడాడు. నేను ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కనే కూర్చుని స్విచ్చు మీద వేలు పెట్టుకున్నాను. అతని పెదవి మైకుకు తగిలినప్పుడల్లా నా ఊపిరి ఆగింది. ఆ బొంగురు గిటారు గొంతు, మామ గొంతు కలిసి పైకి పోతున్నాయి. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను ఆ పాట వినలేదు, పాదాలనే చూశాను. కారుతున్న నీళ్ళు వేళ్ళ సందుల్లోకి వచ్చాయి. పాట అయిపోయే దాకా ఆ కాళ్ళు కదలలేదు.

బయట సంఘపెద్ద మామ భుజం మీద చెయ్యి వేశాడు. "ఈపొద్దు ఆత్మ ముట్టలేదేమప్పా? ఒళ్ళు జలదరించలే?"

"ఈపొద్దే ముట్టినాది పెద్దయ్యా. చరణాలన్నీ మర్చిపోకుండా పాడినా సూడు," అన్నాడు మామ. పెద్దాయన నవ్వాడు. నవ్వుతూనే నా వైపు తిరిగి, "ఆ కరెంటాయప్ప నంబరు ఇయ్యిమ్మా," అన్నాడు.

గిటారు తెచ్చుకోలేదు. సంచిలో పెట్టడానికి అత్తే దుప్పటి చుట్టి ఇచ్చింది. ఇచ్చాక, "ఇది పోతే ఈయప్ప ఆదివారం పొద్దు ఏం జేస్తాడో ఏమో," అని తనలో తాను అనుకుంది. నేను దుప్పటి విప్పి గోడకు ఆనించి వచ్చేశాను.

కరెంటతను వచ్చి బాక్సుకు మూడుకాళ్ళ వైరు వేశాడు. చర్చి వెనకాల గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ గొట్టం దింపాడు. పోతూ ఒక మాట చెప్పి పోయాడట. మన నేల శానా ఎండుతాది, ఆ గొయ్యి ఎండితే ఎర్త్ ఉన్నా లేనట్టే, వారంవారం నీళ్ళు పొయ్యాల అని.

నాకు మళ్ళీ నిద్ర పట్టలేదు. శనివారం వస్తే ఎక్కడున్నా ఫోన్ చేస్తాను. "నీళ్ళు పోశావా మామా?"

"పోసినాలేమ్మీ. బీగాలు ఏసినావా అని మీ అమ్మ అడిగినట్టు అడుగుతావు."

ఎండాకాలంలో ఒక శనివారం మామ గొంతు వేరుగా ఉంది. "ట్యాంకరు రాలేదమ్మీ. తాగనీకే లేవు."

"అయితే రేపు వాయించకు."

 నేను ఎప్పటిలాగే అరుస్తానని మామ ఎదురుచూశాడేమో. నేను అరవలేదు, ఫోన్ పెట్టేశాను.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. "మీ అత్త బట్టలుతికిన నీళ్ళు, నేను పోసుకున్న నీళ్ళు పట్టి, రాత్రంతా గుంతలో పోసినాం," అన్నాడు మామ.

"టెస్టరు పెట్టి చూశావా?"

"సూసినా."

"ఫోటో పెట్టు."

ఫోటో వచ్చింది. మసకగా ఉంది. టెస్టరును పట్టుకున్న మామ బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి ఉంది, ఎర్ర గిటారు తీగ మీద. వేలితో పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోయేదాకా ఆ చిన్న దీపంలో ఎక్కడైనా ఎరుపుందేమోనని వెతికాను. లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను.

"వాయించుకో మామా," అని రాసి పంపాను.