సిస్టరమ్మ ఇచ్చిన పెనాల్టీ

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటారు, ఫౌలా కాదా అని అనుమానం రాగానే అదే ముక్కను కుడి నుంచీ ఎడమ నుంచీ నత్తనడకన తిప్పి తిప్పి చూపిస్తారు, వీళ్ళు నోరు మూసుకుని ఒప్పేసుకుంటారు. ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగిలింది? ఎనభైల మొదట్లో, ఆ రోజుల్లో, మా సారపాకలో జరిగిందేదైనా ఒక్కసారే జరిగేది. ఆ తరువాత చూసినవాళ్ళ నోళ్ళలోనే మళ్ళీ మళ్ళీ జరిగేది, జరిగినప్పుడల్లా కాస్త పెరిగేది. ఆదివారం పిక్కకు తగిలిన దెబ్బ మంగళవారానికి మోకాలు, శుక్రవారానికి నడుము దాకా ఎక్కేది. నేనప్పుడు ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, గోదారి పొంగి బస్సులు బందయిపోవడంతో ఇంట్లో చిక్కుకుపోయి ఉన్నాను. కాలేజీ వక్తృత్వపు పోటీల్లో కప్పు కొట్టినదాన్ని. కాలనీలో నన్ను లాయరమ్మ అనేవాళ్ళు (అది మెచ్చుకోలు అని నేను, తిట్టు అని మా అమ్మ). అంత నోరున్న నన్ను ఒక్క మాటతో కూచోబెట్టిన మనిషి ఈ జన్మకు ఒక్కరే. ఆమె చేతిలో అప్పుడు సూది ఉంది.

మా కాలనీకీ చుట్టుపక్కల గూడేలకీ కలిపి దగ్గర్లో ఒక్కటే చిన్న దవాఖానా, మిషన్ వాళ్ళది. దాంట్లో ఒక్కరే నర్సు, కేరళ నుంచి వచ్చిన కన్యాస్త్రీ. అందరికీ సిస్టరమ్మ. తెల్లటి అంగీ, తలమీద ముసుగు, ఎండైనా వానైనా నల్ల గొడుగు. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఆమెకొచ్చిన తెలుగులో సగం ఆజ్ఞలే. నాలుక చూపు, ఊపిరి పీల్చు, అటు తిరుగు, కదలకు. అడవి అంచున మలేరియా రాని మనిషి లేడు, అందుచేత ఆమె సూది ఎరగని తుంటి లేదు (మీసాలు మెలేసే మేస్త్రీలవి కూడా). ఈ సంగతి గుర్తుంచుకుంటే తక్కిన కథ తేలిక.

మా అన్న కాగితపు మిల్లుకు వెదురు దించే కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. ఆటలో వెనకాల నిలబడి కొండలా అడ్డుపడే బ్యాక్. మిల్లు టీంలో చోటు దొరికితే ఉద్యోగం పర్మనెంట్ కావడానికి దారి దొరికినట్టే. ఆ ఎంపిక ఆట పై ఆదివారం. దానికి తయారీగా ఈ ఆదివారం మా కాలనీకీ మిషన్ హాస్టల్ కుర్రాళ్ళకీ పందెం పెట్టుకున్నారు. ఎప్పుడూ రెఫరీగా వచ్చే డ్రిల్లు మాస్టారు వరద మూలంగా భద్రాచలంలోనే ఆగిపోయారు. కాలనీవాడు ఊదితే వాళ్ళు ఒప్పుకోరు, హాస్టల్ వార్డెన్ ఊదితే మేం ఒప్పుకోం. అప్పుడు ఆట చూడవచ్చిన సిస్టరమ్మ గొడుగు మూసి, "మా ఇంట్లో అన్నదమ్ములు చాలామంది. అన్నం కంటే ముందు ఫుట్‌బాల్ ఉండేది. విజిల్ ఇటు ఇయ్యి," అంది.

అసలు రెఫరీ అంటే మావాళ్ళకి తిట్టుకోవడానికి దేవుడు పంపిన మనిషి. మరి కన్యాస్త్రీని ఏమని తిడతారు? అక్కను అనడానికి లేదు, ఆమే అందరికీ అక్క. పైగా రేపు చలిజ్వరమొస్తే ఆమె ముందే అటు తిరిగి పడుకోవాలి. దాంతో మైదానం చుట్టూ ఎన్నడూ లేని మర్యాద పుట్టుకొచ్చింది. ఇంకో కష్టం ఏమిటంటే, ఎవడైనా దెబ్బ తగిలిందని కిందపడి దొర్లితే ఆమె దగ్గరికి వచ్చి, "ఎక్కడ నొప్పి?" అని బొటనవేలితో నొక్కేది. నిజం నొప్పి ఏదో నటన ఏదో ఆ వేలికి తెలుసు. సగం మంది ఆమె వచ్చేలోపే లేచి పరుగెత్తారు.

ఆట చివర్లో హాస్టల్ కుర్రాడొకడు (లేడిపిల్ల అని ముద్దుపేరు, బూట్లు లేకుండా పరుగెడితే పాదం నేలకు ఆనినట్టే ఉండేది కాదు) బాల్‌తో మా గోల్ ముందుకు దూసుకొచ్చాడు. అన్న కంకర మొరం నేల మీద జారుతూ కాలు పెట్టాడు. బాల్ ఒక పక్కకి, లేడిపిల్ల ఇంకో పక్కకి, అన్న మోకాలి చర్మం మొరం మీదకి పోయాయి. సిస్టరమ్మ వచ్చి లేడిపిల్ల పిక్క నొక్కింది. "ఏం గాలే సిస్టరమ్మా," అన్నాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విజిల్ మోగింది. పెనాల్టీ. కాలనీ అభిమానులకు నాయకుడైన మా చిన్నాయన కోపంతో వణికిపోతూ మైదానంలోకి ఉరికి, నోటిదాకా వచ్చిన సరుకంతా మింగి, "సిస్టరమ్మా, తమరు ఇంకొక్కసారి ఆలోచన చేస్తరా?" అన్నాడు. ఆయన జీవితంలో రెఫరీని అంత ఘోరంగా తిట్టింది అదే. ఆ ఒక్క గోల్ తేడాతోనే ఓడిపోయాం.

ఇక చూడండి ఆ వారం. చిన్నాయన హోటల్ బల్ల మీద టీ గ్లాసులు పెట్టి ఆటంతా మళ్ళీ ఆడించేవాడు. "ఇది మనోడు, ఇది లేడిపిల్ల, ఈ పునుగు బాల్. ఫస్టు ఏది తాకింది? పునుగు తాకింది. అవ్ కదా?" ఇంతలో ఎవడో ఆ పునుగు తినేశాడు, సాక్ష్యం పోయింది. మర్నాటికి కొత్త కోణం దొరికింది. "వాళ్ళు ఆర్.సి.ఎం. కేథలిక్కులు, మనం ప్రొటెస్టెంట్లం. గిది మన టీం మీద గాదు, మన చర్చి మీద ఇచ్చిన పెనాల్టీ," అన్నాడు. పక్కనున్నాయన, "మరి మన గోల్‌కీపరు రోజూ రాములోరికి మొక్కుతడు. ఆయనేం పాపం జేసిండు?" అని అడిగితే జవాబు లేదు. జవాబు లేనప్పుడు మా వాళ్ళు తీర్మానం చేస్తారు. సిస్టరమ్మ పెనాల్టీ వాపస్ తీసుకునేదాకా కాలనీ వాళ్ళెవరూ ఆమె దవాఖానా గడప తొక్కకూడదు. న్యాయపరమైన వాదన నేనిచ్చాను. ముందు బాల్‌కి తగిలాక కాలికి తగిలితే అది ఫౌల్ కాదు, నొప్పి వేరు, నేరం వేరు. (ఈ వాక్యం ఇప్పటికీ నాకు బాగానే వినిపిస్తుంది.)

చిక్కల్లా అన్న మోకాలు. మూడోనాటికి వాచి, చీము పట్టి, మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆదివారం ముంచుకొస్తోంది. భద్రాచలం పెద్దాసుపత్రికి పోదామంటే రోడ్డు మీద నీళ్ళు. ఇక్కడేమో, "పెనాల్టీ వాపస్ తీసుకుంటేనే సూది," అని అన్న పంతం. కాలనీ అంతా శభాష్ అంది. అమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "కాలు కుళ్ళినంక బాల్‌ను దేంతోటి తంతవురా, నాలుకతోటా? అది మీ చెల్లె పని. ఏమే లాయరమ్మా, గంత వాదన నేర్చినవు గదా, పోయి గెలిచి రా. జల్దీ పో," అంది.

వెళ్ళాను. దవాఖానా అరుగు మీద తలదాకా గొంగడి కప్పుకుని ఒక ఆకారం పళ్ళు కొట్టుకుంటోంది. గొంగడి తొలగించి చూస్తే మా చిన్నాయన. "ఏంది చిన్నాయనా, గడప తొక్కొద్దని తీర్మానం జేసింది నువ్వే గదా?" అన్నాను. "తొక్కలేదు, అరుగు మీదనే ఉన్న. నేను మందుకు రాలే బిడ్డా," అన్నాడు వణుకుతూ, "గట్టిగా అడుగుదామని వచ్చిన."

లోపల సిస్టరమ్మ సూదులు మరగబెడుతోంది. నేను గొంతు సవరించుకుని, కప్పు కొట్టిన గొంతుతోనే మొదలుపెట్టాను. బాల్ ముందా కాలు ముందా, జారుడు ఎప్పుడు ఆట అవుతుంది ఎప్పుడు దాడి అవుతుంది, అన్నీ చెప్పాను. ఆమె అడ్డు రాకుండా వింది, మధ్యలో ఒక పసిబిడ్డ నాలుక కూడా చూసింది. చివరికి నా బ్రహ్మాస్త్రం తీశాను. "నొప్పి పుడితే ఫౌల్ అనేటట్టయితే, మీరు రోజూ వేసే ఇంజెక్షన్ కూడా ఫౌలే గదా సిస్టరమ్మా?"

అరుగు మీద చిన్నాయన వణకడం ఆపాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు చూశారు. సిస్టరమ్మ సూదిని వెలుతురుకి ఎత్తి చూసుకుంటూ, "నేను చెప్పి పొడుస్తా. మీ అన్న చెప్పలేదు," అంది.

  చట్టప్రకారం అది జవాబే కాదని నాకు తెలుసు, కానీ అక్కడున్న వాళ్ళంతా నవ్వేశారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, లాయరు నవ్వాక కేసేముంది? ఆమె మాత్రం నవ్వలేదు. "పెనాల్టీ నాది. అది నా దగ్గరే ఉంటది, ఇయ్యను. కాలు మీ అన్నది. అది ఎక్కడుంది?" అని అడిగింది. రానంటున్నాడని చెబితే ఉప్పుకు అలిగిన పిల్లవాడి సంగతి విన్నట్టు తలూపి, చిన్నాయనకి సూది వేసి (ముందు చెప్పే వేసింది), గొడుగు తీసుకుని నా వెంట బయల్దేరింది.

అన్న ఆమెను చూసి దుప్పటి ముసుగు పెట్టేశాడు. కిటికీ బయట కాలనీ అంతా గుమిగూడింది. "విజిల్ అక్కడ పెట్టి వచ్చిన. ఇప్పుడు నేను రెఫరీ కాదు, మోకాలు చూపు," అంది. ముసుగులోంచి, "బాల్‌కే తగిలింది సిస్టరమ్మా," అని వినిపించింది. "నీకు బాల్ కనబడ్డది, నాకు కాలు కనబడ్డది. ఇద్దరం చూసినం. ఇప్పుడు అటు తిరుగు." ఆ అటు తిరుగు అన్న మాటకి మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ ఒకటే అర్థం. కొండలాంటి మా అన్న తిరిగాడు. "చెబుతున్న. పొడుస్తున్న," అంది. అన్న కేకకి కిటికీ బయట నుంచి, జ్వరంతోనే నడిచొచ్చిన చిన్నాయన గొంతు, "గోల్," అంది. అప్పటినుంచి శనివారం దాకా పొద్దునా సాయంత్రం ఆమె అదే గొడుగుతో వచ్చి చీము తీసి కట్టు కట్టింది. పెనాల్టీ మాట మళ్ళీ ఎత్తలేదు. గెలిచినవాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండగలరని నాకు తెలియదు, నేనైతే వారమంతా చెప్పుకుని తిరిగేదాన్ని.

ఆదివారానికి వరద తీసింది, డ్రిల్లు మాస్టారూ వచ్చారు. ఎంపిక ఆట కూడా హాస్టల్ కుర్రాళ్ళతోనే. చిత్రం, మా వాళ్ళే ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి, సిస్టరమ్మే ఊదాలన్నారు. ఆటలో అన్న ఒకసారి ముందుకెళ్ళి వాళ్ళ గోల్ ముందు ధడాలున పడ్డాడు. కాలనీ అంతా పెనాల్టీ అని అరిచింది. చిన్నాయన నన్ను ముందుకు తోశాడు, "లే బిడ్డా, వాదించు," అని. నేను నోరు తెరిచాను. కానీ నేను నిలబడ్డ చోటు నుంచి స్పష్టంగా కనబడింది, ఎవడూ తాకకముందే పడ్డాడు వెధవ. నోరు మూశాను. సిస్టరమ్మ వచ్చి, బొటనవేలితో నొక్కి, "లే బాబూ. ఇది దవాఖానాకు వచ్చే దెబ్బ కాదు," అంది. మైదానమంతా నవ్వు. అన్న సిగ్గుతో ఎర్రబడి లేచి, ఆ తరువాత ఆడినటువంటి ఆట నేనెన్నడూ చూడలేదు. లేడిపిల్ల మళ్ళీ దూసుకొస్తే అదే మొరం మీద, అదే మోకాలితో జారి, వాడి వెంట్రుక కూడా కదలకుండా బాల్ ఒక్కటే తీసుకుపోయాడు. తీసుకుని ముందు సిస్టరమ్మ వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ ముందుకు ఊపింది, ఆడు ఆడు అని. ఆ సాయంత్రమే మిల్లు టీంలో అన్న పేరు చదివారు.

అన్న మొన్నీమధ్యే అదే మిల్లులో రిటైరయ్యాడు. సిస్టరమ్మకి చాలా ఏళ్ళ కిందటే ఎక్కడికో బదిలీ అయింది. ఇంట్లో నలుగురం కలిస్తే మొదటి పెనాల్టీ పంచాయితీ ఇప్పటికీ మొదలవుతుంది, బాల్‌కే తగిలిందని అన్న, నొప్పి వేరు నేరం వేరని నేను. నాకూ వయసొచ్చింది, షుగరొచ్చింది. పోయిన నెల రక్తపరీక్షకి వెళితే కొత్తగా చేరిన నర్సుపిల్ల ఫోన్లో ఏదో మాట్లాడుతూనే టక్కున పొడిచేసింది. "ఫౌల్," అన్నాను. ఆ పిల్ల బెదిరిపోయి, "ఏందమ్మా, నొప్పి లేసిందా?" అంది.

"నొప్పికి కాదు బిడ్డా," అన్నాను, "నువ్వు చెప్పలేదు." అని, గుమ్మంలో ఎవరైనా నల్ల గొడుగు మూస్తున్నారేమోనని ఒకసారి తలుపు వైపు చూశాను.