వియ్యపురాలి కోసం ఆరు పలకరింపులు

మొన్న ఉదయం షోళింగనల్లూరులోని మా ఫ్లాట్‌లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే హాల్లోంచి ఎవరో ఆడమనిషి "బువోన్ జోర్నో" అంది. తల ఎత్తకుండానే "బువోన్ జోర్నో, కోమె స్తా?" అనేశాను. తీరా చూస్తే ఆ పలకరించింది మనిషి కాదు, మా కోడలి ఫోను. ఆఫీసువాళ్లు ఆరు నెలలు ఇటలీ పంపుతారట, అందుకని రోజూ పావుగంట ఆ భాష నేర్చుకుంటోంది. చేతిలో కత్తితో, నమస్కారం, ఎలా ఉన్నారు అని ఇటలీ భాషలో అడిగిన అత్తగారిని చూసి ఆ పిల్ల నోరు తెరిచింది. "మీకెలా వచ్చు అత్తయ్యా?" అంది. పొయ్యి మీద బాణలి మాడుతోంది, తర్వాత చెబుతానన్నాను. ఆ తర్వాత అనేది మా ఇంట్లో అంత తొందరగా రాదు కనుక ముందు మీకు చెబుతున్నాను.

తొంభైల నడిమి రోజులవి. మేము మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఉండేవాళ్లం. మా వదిన, అంటే మా ఆయనకు స్వయానా అక్కయ్య, నాలుగిళ్ల అవతలే ఉండేది. పప్పుల హోల్‌సేల్ వ్యాపారం వాళ్లది. గడపలో కాలు పెడితే చాలు కందిపప్పు వాసన, గోనెసంచుల దుమ్ముకి రెండు తుమ్ములు. ఒక్కతే కూతురు. కెమిస్ట్రీ చదివి తోళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరింది. అక్కడికి యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇటలీ కుర్రవాణ్ణి చేసుకుంటానంది. వదిన నాలుగు నెలలు కూతురితో మాట్లాడలేదు. కోపం కోపమే, కానీ పిల్లకి ఇష్టమని రోజు మార్చి రోజు వంకాయ వేపుడు మాత్రం చేసేది. ఐదో నెలలో తనే మెత్తబడింది. పెళ్లి అక్కడే, వాళ్ల ఊరి చర్చిలో అని తేలింది. మా అన్నయ్యగారు, అంటే వదిన భర్త, దుకాణానికి ఒక్కరోజు తాళం వేసే మనిషి కాదు, వదినకి పాస్‌పోర్టే లేదు. కుర్రవాడి తల్లి ఒక్క వారం కోసం మద్రాసు వచ్చి, పిల్లను చూసి, తమతో తీసుకుపోతుందని కబురు.

పెళ్లి చూడలేనన్న బాధ కన్నా వదినను తొలిచింది అప్పగింతలు. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టి, ఇక నీ బిడ్డే, కనిపెట్టుకో అని చెప్పే ఘడియ. అది చెప్పకుండా పిల్లనెలా పంపేది? "నీ కూతురికి ఆ భాష వచ్చుగా, దానితో చెప్పించు" అన్నాను తెలివిగా. వదిన నన్ను ఎగాదిగా చూసింది. "నన్ను బాగా చూసుకో అని పిల్ల తనే చెప్పుకుంటాదా? యాడన్నా ఉండాదా? చెప్తే నేనే చెప్పాల" అంది.

గురువు దొరకడం కష్టం కాలేదు. వీధి చివర కప్పల్ తాత ఉండేవాడు, కప్పల్ అంటే అరవంలో ఓడ. ముప్పై ఏళ్లు ఓడల్లో వంటశాల దగ్గర పని చేసి, దొరలకు కాఫీలు అందించి రిటైరైన మనిషి. ఇటలీ రేవులన్నీ తిరిగానని చెప్పేవాడు. మధ్యాహ్నం దుకాణంలో బేరాలు సద్దుమణిగాక తిన్నె మీద పాఠం. వదిన తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకునేది. బువోన్ జోర్నో అంటే నమస్కారం. కోమె స్తా అంటే ఎలా ఉన్నారు. దానికి బేనె, గ్రాత్సియె అనాలి, బాగున్నాను, ధన్యవాదాలు అని. ఇక్కడ వదినకి పెద్ద అభ్యంతరం వచ్చింది. "అంతేనా? మోకాళ్ల నొప్పి, బీపీ మాత్రలు, ఇవన్నీ ఎప్పుడు చెప్పేది సామీ?" తాత గడ్డం గోక్కుని, "ఆ వూర్లో అడగతారు గానీ వినరమ్మా" అన్నాడు. పియచేరె అంటే మిమ్మల్ని కలవడం సంతోషం. సి అక్కోమొది అంటే దయచేసి కూర్చోండి. వియ్యపురాలి వేషం నాది. రోజుకి పదిసార్లు గడప దాటి లోపలికి వచ్చేదాన్ని, "ఇంకొంచం బిర్రుగా నడువు, మొగపిల్లోడి తల్లివి కదా" అని నన్ను దిద్దేది.

చివరికి అసలు మాట అడిగింది. నా బిడ్డను నీ చేతిలో పెడుతున్నాను అనేది ఎట్లా? తాత తల అడ్డంగా ఊపాడు. "అది నాకు రాదమ్మా. కాఫీ ఇచ్చేవాడితో వాళ్లు అంతకు మించి ఏం మాట్లాడతారు?" అన్నాడు. వదిన పుస్తకం మూసేసింది. ఆ రోజు నాకు ఆమెను చూస్తే ఏడుపొచ్చింది.

వాళ్లొచ్చిన రోజు పొద్దున పదింటికే వీధి పెనంలా కాలుతోంది. అన్నయ్యగారు వియ్యపురాలిని పలకరించాల్సి వస్తుందని భయపడి దుకాణం గంట ముందే తెరిచి కూర్చున్నారు. కుర్రవాడు తల్లిని దింపి టికెట్ల పని మీద వెళ్లాడు. ఆవిడ లావుపాటి మనిషి, నెరిసిన జుట్టు, ఎండకి కందిన ముఖం. వదిన ఎదురు వెళ్లి కాళ్లకు నీళ్లిచ్చి, తప్పు లేకుండా బువోన్ జోర్నో అంది. ఆవిడ మురిసిపోయి అంతకు రెట్టింపు పలకరించింది. కోమె స్తా అయింది, పియచేరె అయింది. "సి అక్కోమొది" అని వదిన కుర్చీ చూపించింది. ఆవిడ కూర్చోలేదు. తనూ వదినకి కుర్చీ చూపించి ఏదో అంది. వదిన ఇంకా మర్యాదగా మళ్లీ కూర్చోమంది. ఆవిడ నవ్వుతూ మళ్లీ తల ఊపింది.

అలా ముప్పావుగంట! మగపెళ్లివారు నిలబడి ఉంటే ఆడపిల్ల తల్లి కూర్చోవడం మా ఇళ్లలో లేదు. సరే, కూర్చోమన్నాక వాళ్లు కూర్చుంటారు కదా అని మా నమ్మకం. ఇంటి ఇల్లాలు కూర్చోకుండా తను కూర్చోకూడదని ఆవిడ పెంపకం. నేను ఇద్దరినీ చూస్తూ గోడకి ఆనుకుని ఉన్నాను. కాఫీలు మీగడ కట్టాయి. మేనకోడలు ఉండబట్టలేక, "అమ్మా, నువ్వు కూర్చుంటేనే ఆమె కూర్చుంటాది" అంది. "పెళ్లికూతురివి, నోరు మూసుకో. ఆయమ్మ నిలబడి ఉంటే నేను కూర్చుంటానా?" అని వదిన పళ్ల మధ్యనుంచే కసిరింది.

అప్పుడు వదిన చూపు ఆవిడ పాదాల మీద పడింది. వాచి, చెప్పుల పట్టీల గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. ఆ మోకాళ్లూ నొప్పెడుతున్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు. వదిన గబగబా వంటింట్లోకి పోయి, కాఫీకి ఉంచిన పాలు వెండి గిన్నెలో పోసుకుని వచ్చింది. కూతురి రెండు చేతులూ ఆ పాలలో ముంచి, ఆవిడ చేతుల్లో పెట్టి, పైనుంచి తన చేతులతో గట్టిగా పట్టుకుంది. పాలు మోచేతుల దాకా కారుతున్నాయి. చెప్పాల్సిన మాట లేదు. ఉన్న మాటలే చెప్పింది.

"బువోన్ జోర్నో" అంది, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే. ఆవిడ మెల్లగా "బువోన్ జోర్నో" అంది. "కోమె స్తా?" అంది వదిన. "బేనె, గ్రాత్సియె" అంది ఆవిడ. "పియచేరె." "పియచేరె." ఒక్కటీ వదలకుండా, పురోహితుడు చెప్పించినట్టు, వదిన తనకు తెలిసినవన్నీ చెప్పింది. ఆవిడ ప్రతిదానికీ జవాబిచ్చింది, పిల్ల చేతులు మాత్రం వదల్లేదు. మేనకోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ తక్కువ తినలేదు. ఆ తర్వాత వియ్యపురాళ్లిద్దరూ ఒక్కసారే నేల మీద చతికిలబడి, చల్లారిన కాఫీ తాగారు.

వెళ్లేటప్పుడు తాత నేర్పిన ఆరో మాట మిగిలింది. అర్రివెదేర్చి. మళ్లీ చూసుకుందాం అని. మనమూ పోతాననం కదా, వెళ్లొస్తామంటాం, అందుకని ఆ మాట వదినకి అన్నిటికన్నా నచ్చింది. గుమ్మంలో మూడుసార్లు అంది, ఆవిడా మూడుసార్లు అంది. పిల్లను ఆవిడ కడుపులో పెట్టుకుని చూసుకుంది. కాన్పుకి, జబ్బుకి, కష్టానికి అన్నిటికీ పక్కనే ఉంది. "అప్పగింతలు సరిగ్గా చేసినాను కదమ్మే" అని వదిన చివరి దాకా నాతో అంటూనే పోయింది. వదిన పోయిన మరుసటేడే ఆవిడా పోయిందని ఉత్తరం వచ్చింది. ఇద్దరూ మళ్లీ కలవలేదు. మళ్లీ చూసుకుందామని ఇద్దరూ మనసారానే అన్నారు. మాట తప్పింది వాళ్లు కాదు, కాలం.