ఫ్రిజ్ ధడేలుమన్న మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ చప్పుడైనా ముందు మా నాన్నకే వినపడేది. గురజాల దగ్గర మా ఊళ్ళో పార్టీల గొడవల్లో మా బాబాయిని పట్టపగలు, సొంత అరుగు మీద, నాటుబాంబులేసి పడగొట్టి వేటకొడవళ్ళతో నరికారు. నాన్న పది అడుగుల దూరంలో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాడు. పెద్దకర్మ కాగానే అమ్మనీ నన్నూ తీసుకుని నరసరావుపేట వచ్చేశాడు. ఊరు మారింది గానీ ఆయన నిద్ర మారలేదు. పడుకుంటే తలాపున కత్తి ఉండాల్సిందే. అప్పటికి నాకు పదేళ్ళు.

పేటలో మా పక్కింట్లో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ ఉండేవాడు. వాళ్ళు ముస్లింలు. అమ్మని అక్కా అనీ, నాన్నని బావా అనీ పిలిచేవాడు కాబట్టి నాకు మామయ్య. మా ఊళ్ళో జరిగిందంతా ఆయనకి తెలుసు. ఎండలు ముదిరాయని ఆయనే ఒక పాత ఫ్రిజ్ మాకు చూసిపెట్టాడు. ఒకరోజు పొద్దున్నే తెచ్చి వంటింటి గుమ్మం పక్కన దించి, కరెంటు పెట్టి, కాసేపయ్యాక వచ్చి సరిగ్గా చూస్తానని వీధి చివర తన షెడ్డుకి వెళ్ళాడు. ఆ రావడమేదో ముందే వచ్చి ఉంటే బాగుండేదని ఆయన చాలాకాలం బాధపడ్డాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న మంచం మీద కునుకు తీస్తున్నాడు. అమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాటుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. దాంతోపాటే ఫ్రిజ్ ధడేలుమని ఒళ్ళంతా అదిరింది, లోపల సీసాలన్నీ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నాన్న కళ్ళు పూర్తిగా తెరవకముందే కత్తి తీసి దూకాడు. గుమ్మంలో ఉన్నదెవరో చూడలేదు. అమ్మ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కత్తి ఆమె ముంజేతిని చీల్చి గుమ్మం చెక్కలో దిగబడింది. నాపరాళ్ళ మీద మజ్జిగా నెత్తురూ కలిసిపోయాయి. అమ్మ అరవను కూడా లేదు. నేనే అరిచాను.

నాన్న కత్తిని ఊడబెరికి ఫ్రిజ్ మీద పడ్డాడు. తలుపు సొట్టలు పడేట్టు నరికాడు. అమ్మ వైపు చూడటం కన్నా ఆ రేకుని నరకడమే ఆయనకు తేలికయిందని నాకిప్పుడు తెలుస్తోంది. నా కేకలకి పక్కింటి అత్త, మామయ్య భార్య, పరిగెత్తుకొచ్చి, అమ్మ చేతికి తువ్వాలు చుట్టి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ వెనకే మామయ్య స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే వచ్చాడు. జరిగింది నా నోట విని, కత్తికీ ఫ్రిజ్‌కీ మధ్య నిలబడ్డాడు.

"నరుకు బావా, నేను కాదనను. ముందు అదేమంటందో ఒకసారి ఇను. ఇందాక నువ్వు దాన్ని ఇన్లా. ఊళ్ళో ఇన్న బాంబే మళ్ళా ఇన్నావు."

నాన్న చేతిలోంచి కత్తి జారిపోయింది. మామయ్య దాని మీద కాలేసి నిలబడ్డాడు. కరెంటు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. వచ్చాక ఫ్రిజ్ వెనకనున్న నల్ల డబ్బాకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని నాన్న చెవికి పెట్టాడు. మెకానిక్‌లు మోటారు గుట్టు తెలుసుకునేది అలాగే. లోపల మోటారు స్ప్రింగుల మీద వేలాడుతుందనీ, ఒక స్ప్రింగు సడలిందనీ, అందుకే ఆగేటప్పుడు ఊగిసలాడి డబ్బాకి కొట్టుకుంటుందనీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఫ్రిజ్ తలుపు తీసి, చల్లదనం పెంచి తగ్గించే మీటని నాన్న చేతే తిప్పించి మోటారు ఆపించాడు. ధడేల్. నాన్న చెయ్యి కత్తి కోసం కిందికి పోయింది.

"మళ్ళా ఎంటనే వెయ్యమాక, మోటారు కాలిద్ది. ఐదు నిమిషాలాగు," అన్నాడు మామయ్య.

ఆగారు. మళ్ళీ వేయించాడు, మళ్ళీ ఆపించాడు. నేల మీద నెత్తురు ఎండిపోతోంది. అయిదోసారి ధడేలుమన్నప్పుడు నాన్న కదల్లేదు. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"అయితే వాళ్ళు రాలేదంటావా?" అన్నాడు.

"వాళ్ళు రాలేదు బావా. వచ్చింది అక్క."

నాన్న ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కత్తిని మామయ్య షెడ్డుకి తీసుకెళ్ళి ముక్కలు చేశాడు. అమ్మ చేతికి కుట్లు మానాయి గానీ రెండు వేళ్ళు మళ్ళీ మడతపడలేదు. నాన్న మాత్రం ఆ తర్వాత వీధిలో ఎవరి ఫ్రిజ్ మూలిగినా వెళ్ళి చెవి పెట్టేవాడు. గుయ్యిమంటే వోల్టేజీ తక్కువనీ, గలగలమంటే గ్యాసు పారుతోందనీ పెద్ద పండితుడిలా చెప్పేవాడు.

చప్పుళ్ళంటే నాన్నకున్న భయం ఒక్క మధ్యాహ్నంలో పోయింది. అమ్మ భయం పోలేదు. నాన్న నిద్రపోతుంటే గుమ్మం బయటే ఆగి, "నేనే" అని చెప్పి, ఆయన పలికాకే లోపలికి వెళ్ళేది. చివర్లో ఆయన మంచాన పడి, చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేని రోజుల్లోనూ జావ గ్లాసుతో గుమ్మంలో నిలబడి "నేనే" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న మీద నాకు ఒళ్ళు మండేది. ఆ మంట ఆయన పోయాక కూడా పూర్తిగా చల్లారలేదు.

చూడకముందే మీద పడే ఆయన కోపం నాకూ వచ్చింది. అది లేచినప్పుడల్లా నోరూ చెయ్యీ కట్టేసుకుని ముందు చెవి పెడతాను. ఎన్నోసార్లు తప్పాను, నోరు జారాను. చెయ్యి మాత్రం జారనివ్వలేదు. ఇప్పుడు మధ్యాహ్నం నేను పడుకుని ఉంటే మా మనవరాలు గుమ్మంలో ఆగదు, పిలవదు, పరిగెత్తుకొచ్చి నా మీద పడుతుంది. నా బతుకులో నేను సాధించింది ఏదైనా ఉంటే అదే.